పేరు చెక్‌లది, చర్చి లిథువేనియన్లది, ఊరేగింపు మెక్సికన్లది

షికాగో నగరంలో ఏటా గుడ్‌ఫ్రైడే నాడు 18వ వీధి మీద ఒక ఊరేగింపు సాగుతుంది. ముళ్ళ కిరీటం పెట్టుకున్న యువకుడు బరువైన కొయ్య శిలువను భుజాన మోస్తూ నడుస్తాడు. రోమన్ సైనికుల వేషాల్లో ఉన్నవాళ్ళు అతన్ని అదిలిస్తూ వెంట వస్తారు. తల మీద ముసుగు కప్పుకున్న స్త్రీలు ఏడుస్తారు. వెనక వేలాది మంది స్పానిష్‌లో ప్రార్థిస్తూ, పాడుతూ కదులుతారు. వేషాలు వేసినవాళ్ళు వృత్తి నటులు కారు. ఆ పేటలోని కుటుంబాలవాళ్ళే వారాల తరబడి సాధన చేసి ఆ రోజుకు సిద్ధమవుతారు.

ఈ పేట పేరు పిల్సెన్. అది మెక్సికో నుంచి వచ్చిన పేరు కాదు. చెక్ దేశంలోని ప్ల్జెన్ నగరాన్ని తలచుకుంటూ 19వ శతాబ్దంలో అక్కడినుంచి వలస వచ్చినవాళ్ళు పెట్టుకున్న పేరు. ఊరేగింపు చాలా ఏళ్ళపాటు బయలుదేరిన ప్రావిడెన్స్ ఆఫ్ గాడ్ చర్చిని కట్టుకున్నది లిథువేనియన్లు. అదే పేటలో జంట శిఖరాలతో ఎత్తుగా కనిపించే సెయింట్ అడాల్బర్ట్ చర్చి పోలండ్ వాళ్ళది. నాలుగు దేశాల మనుషులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి వదిలిపెట్టిన గుర్తుల మధ్య నుంచి ఆ శిలువ నడుస్తుంది.

ఈ ఊరేగింపు పాత దేశం నుంచి మూటగట్టి తెచ్చుకున్న ఆచారం మాత్రమే అనుకుంటే సగమే తెలిసినట్టు. 1976 డిసెంబరు 24 రాత్రి పిల్సెన్‌లో ఒక ఇల్లు అంటుకుంది. లోపల పిల్లలున్నారని బయట నిలబడ్డవాళ్ళు స్పానిష్‌లో అరిచారు. వచ్చిన అగ్నిమాపక సిబ్బందికి ఆ భాష రాదు. పిల్లలు, తల్లులు ఆ మంటల్లో చనిపోయారు. ఆ దుఃఖం నుంచి, ఆ కోపం నుంచి మరుసటి ఏడాది, 1977లో, ఈ సజీవ శిలువయాత్ర మొదలైంది. కాబట్టి ఈ పండుగ వెనక రెండు కథలున్నాయి. ఒకటి రెండు వేల ఏళ్ళ నాటి జెరూసలేముది. రెండోది తమ భాష వినిపించుకునేవాడు లేని నగరంలో కాలిపోయిన ఒక ఇంటిది.

షికాగో లాంటి నగరాన్ని చూడవచ్చినవాళ్ళకు పర్యాటక పుస్తకాలు ఒక సులువైన పటం చేతికిస్తాయి. ఇది గ్రీకుల పేట, ఇది చైనీయుల పేట, ఇది స్వీడన్ వాళ్ళది, ఇక్కడ ఫలానా తిండి తినండి, ఫలానా నెలలో ఫలానా ఉత్సవం చూడండి. ఆ పటం అబద్ధం చెప్పదు. కానీ అసలు ప్రశ్నను దాటవేస్తుంది. వీళ్ళు ఈ వీధికే ఎందుకు వచ్చారు? ఇంతకుముందు ఉన్నవాళ్ళు ఎక్కడికి పోయారు? ఈ పండుగ ఈ తేదీన, ఈ దారిలోనే ఎందుకు జరుగుతోంది? మనుషులు, కట్టడాలు, పేర్లు, పండుగలు ఒకే వేగంతో మారవు. మనుషులు అందరికంటే ముందు కదిలిపోతారు. చర్చి, సత్రం, దుకాణం చేతులు మారతాయి. పేరు మొండిగా అతుక్కుని ఉంటుంది. పండుగ మాత్రం వెళ్ళిపోయినవాళ్ళను ఒక్క రోజుకు వెనక్కి పిలుస్తుంది. ఈ వేగాల తేడాలోనే నగరం చరిత్ర దొరుకుతుంది.

1890 నాటికి షికాగో జనాభా పది లక్షలు దాటింది. వాళ్ళలో నాలుగింట మూడొంతుల మందికి పైగా విదేశాల్లో పుట్టినవాళ్ళో, వాళ్ళ పిల్లలో. జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ 1889లో హాల్‌స్టెడ్ వీధిలో స్థాపించిన హల్ హౌస్ సేవా కేంద్రం ఆ వలస కుటుంబాల మధ్యనే పనిచేసింది. అక్కడివాళ్ళు ఇల్లిల్లూ తిరిగి, ఏ ఇంట్లో ఏ దేశం వాళ్ళున్నారో రంగులు వేసి, 1895లో పటాలు అచ్చు వేశారు. ఆ పటాలను ఇప్పుడు చూసినా కళ్ళు తిప్పుకోలేం. ఒకే చిన్న ప్రాంతంలో పద్దెనిమిది దేశాలవాళ్ళు. ఒకే రంగు నిండిన వీధి అరుదు. ఇటాలియన్ల ఇంటి పక్కన ఐరిష్‌వాళ్ళు, వెనక చెక్‌లు, ఆ పక్క సందులో రష్యా నుంచి వచ్చిన యూదులు. ఫలానా వాళ్ళ పేట అని ఈ రోజు గీతలు గీసి చెప్పుకునే చోట్ల కూడా ఆ గీతలు ఎన్నడూ అంత గట్టిగా లేవు. షికాగో విశ్వవిద్యాలయం సామాజిక శాస్త్రవేత్తలు 1920ల్లో నగరాన్ని సుమారు 75 ప్రాంతాలుగా విడగొట్టారు. తర్వాత అవి 77 అయ్యాయి. జనాభా లెక్కలకు ఆ విభజన ఎంతో ఉపయోగపడింది, ఇప్పటికీ పడుతోంది. కానీ లెక్క కోసం గీసిన హద్దును సంస్కృతికి హద్దు అనుకోవడం మాత్రం పొరపాటు.

ఒక జాతివాళ్ళు ఒకచోట గుమిగూడటానికి కారణం తమవాళ్ళ మధ్య ఉండాలన్న కోరిక అని సాధారణంగా అంటారు. అది నిజమే కానీ చాలా సందర్భాల్లో అంతకంటే బలమైన కారణం, మరోచోట ఇల్లు దొరకకపోవడం. చైనాటౌన్ కథ ఇందుకు సాక్ష్యం. మొదట చైనీయులు నగరం నడిబొడ్డున క్లార్క్ వీధిలో ఉండేవారు. అద్దెలు పెరిగాయి, వివక్ష ఎటూ ఉంది. 1912 ప్రాంతంలో చాలామంది దక్షిణాన 22వ వీధి, వెంట్‌వర్త్ అవెన్యూ కలిసే చోటికి మారారు. అక్కడ కూడా చైనీయులకు నేరుగా లీజుకు ఇచ్చేవాళ్ళు లేక, ఒక మధ్యవర్తి సంస్థ పేరు మీద లీజులు రాయించుకోవలసి వచ్చింది. 1928లో ఆన్ లియాంగ్ వర్తక సంఘం అక్కడ పగోడా శిఖరాలతో గొప్ప భవనం కట్టించింది. ఆ నక్షా గీసిన ఇద్దరు వాస్తుశిల్పులూ నార్వే మూలాలవాళ్ళు. చైనా కట్టడాల గురించిన పుస్తకాలు ముందు పెట్టుకుని, రంగురంగుల కాల్చిన మట్టి పలకలతో వాళ్ళు దాన్ని రూపొందించారు. ఈ రోజు పర్యాటకులు ఎక్కువగా ఫోటోలు తీసుకునే చైనా కట్టడం అలా తయారైంది. అందువల్ల అది నకిలీ అయిపోదు. తమను అద్దెకు కూడా రానివ్వని నగరంలో, ఇక్కడినుంచి కదలం అని పైకప్పు మీద చెప్పుకున్న మాట అది. చాంద్రమాన కొత్త సంవత్సరానికి వెంట్‌వర్త్ అవెన్యూలో సింహనృత్యాలు ఇప్పటికీ ఆ భవనం ముందు నుంచే సాగుతాయి. అమెరికాలో అనేక నగరాల చైనాటౌన్‌లు కుంచించుకుపోతున్న కాలంలో షికాగో చైనాటౌన్ పెరుగుతూ వచ్చింది.

గ్రీకుల పేటకు ఆ అదృష్టం లేదు. హాల్‌స్టెడ్ వీధి చుట్టూ గ్రీకులు, ఇటాలియన్లు, మెక్సికన్లు కలిసి బతికిన ప్రాంతాన్ని 1960ల మొదట్లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం కొత్త ప్రాంగణం కోసం తీసుకున్నారు. ఫ్లారెన్స్ స్కాలా నాయకత్వంలో అక్కడి స్త్రీలు నగరపాలక భవనం దాకా వెళ్ళి పోరాడారు, కోర్టుకెక్కారు, ఓడిపోయారు. హల్ హౌస్ భవనాల సముదాయంలో రెండు మాత్రం మిగిలాయి. 1965లో ప్రాంగణం తెరుచుకుంది. గ్రీకు కుటుంబాలు ఉత్తరానికి, శివార్లకు పోయాయి. వీధిలో కొన్ని భోజనశాలలు, కొవ్వొత్తులూ మిఠాయిలూ అమ్మే దుకాణాలు, తర్వాత ఒక మ్యూజియం నిలిచాయి. అయినా గ్రీకు స్వాతంత్ర్య దిన కవాతు ఆ వీధిలోనే జరుగుతుంది. అక్కడ ఇప్పుడు ఇళ్ళు లేనివాళ్ళు తెల్లటి కుచ్చుల ఉడుపులు తొడిగిన పిల్లలను వెంటబెట్టుకుని వచ్చి, తమ తాతల వీధిలో నడిచి వెళ్తారు. ఆ ప్రాంగణం కోసం ఖాళీ చేయించిన మెక్సికన్ కుటుంబాల్లో చాలామంది దక్షిణానికి జరిగి చేరిన చోటే పిల్సెన్. ఒక పేట కూలిన చప్పుడు మరో పేట పుట్టుకలో వినిపిస్తుంది.

నల్లజాతివారి పేట బ్రాంజ్‌విల్ గురించి మాట్లాడకుండా షికాగో వారసత్వం గురించి మాట్లాడటం అన్యాయం. యూరప్ వలసల మీద రాసేవాళ్ళు తరచు ఈ అన్యాయం చేస్తారు, నల్లవాళ్ళు మరో దేశం నుంచి వలస రాలేదు కాబట్టి. కానీ దక్షిణ రాష్ట్రాల పత్తి చేల నుంచి, మూకదాడుల భయం నుంచి వాళ్ళు చేసిన ప్రయాణం ఏ సముద్రయానానికీ తీసిపోదు. 1910లో షికాగోలో నల్లజాతివారు సుమారు 44 వేలు. 1930 నాటికి 2 లక్షల 34 వేలు. రాబర్ట్ ఎస్. అబాట్ 1905లో స్థాపించిన ‘షికాగో డిఫెండర్’ పత్రిక ఉత్తరానికి రమ్మని వాళ్ళను పిలిచింది. దక్షిణాదిలో దాన్ని పంచడం ప్రమాదకరమైన చోట్ల పుల్‌మన్ రైళ్ళలో పనిచేసే నల్లజాతి పోర్టర్లు రహస్యంగా చేరవేశారు. వచ్చినవాళ్ళకు నగరం ఇచ్చింది ఒక సన్నని పట్టీ లాంటి నేల. చుట్టుపక్కల ఇళ్ళ దస్తావేజుల్లోనే, నల్లవాళ్ళకు అమ్మరాదు, అద్దెకు ఇవ్వరాదు అని షరతులు రాసుకున్నారు. 1948లో గానీ సుప్రీంకోర్టు అలాంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని తీర్పు చెప్పలేదు. ఆ ఇరుకులోనే బ్యాంకులు, బీమా కంపెనీలు, జాజ్, బ్లూస్, గాస్పెల్ సంగీతం వర్ధిల్లాయి.

1929లో అబాట్ తన పత్రిక అమ్మే కుర్రాళ్ళ కోసం ఒక కవాతు మొదలుపెట్టాడు. పత్రికలో పిల్లల పేజీకి పెట్టిన కల్పిత సంపాదకుడి పేరునే దానికీ పెట్టారు, బడ్ బిల్లికెన్ కవాతు అని. ఇప్పటికీ ఆగస్టు రెండో శనివారం, బడులు తెరవడానికి ముందు, అది మార్టిన్ లూథర్ కింగ్ డ్రైవ్ వెంట సాగుతుంది. డప్పుల బృందాలు, గిరగిరా తిరిగే పిల్లల నాట్య దళాలు, దారి పొడవునా గడ్డిమీద తెల్లవారకముందే చోటు పట్టుకున్న కుటుంబాలు. యుద్ధ విజయానికో, పుణ్యపురుషుడికో కాకుండా పత్రికలు అమ్మిన పిల్లల పేరిట పుట్టిన పండుగ ఇది. అదే రోడ్డు మీద ఉత్తరాన 1996లో అలిసన్ సార్ చేసిన కంచు విగ్రహం ఉంది. తాడుతో కట్టిన పాత పెట్టె పట్టుకుని, ఒక చెయ్యి పైకెత్తి, ఉత్తర దిక్కుకు ముఖం పెట్టి నిలబడ్డ మనిషి. దగ్గరకు వెళ్ళి చూస్తేనే తెలుస్తుంది, అతని కోటు గుడ్డతో కుట్టినట్టు లేదు. ఒంటి నిండా అరిగిపోయిన చెప్పుల అట్టలే పొలుసుల్లా పరిచి ఉన్నాయి. కాళ్ళ కింద దిబ్బ కూడా చెప్పుల అట్టలదే.

పండుగ అంటే ఆటపాటలు మాత్రమే అనుకునేవాళ్ళకు షికాగో చరిత్ర వేరే పాఠం చెబుతుంది. వీధిలో కలిసి నడిచే హక్కు ఇక్కడ ఎవరికీ ఉచితంగా రాలేదు. 1855లో మేయర్ లీవై బూన్ వలసదారుల మీద వ్యతిరేకతతో మద్యం లైసెన్సు రుసుమును 50 డాలర్ల నుంచి 300కు పెంచి, ఆదివారం బీరు దుకాణాలు మూయించాడు. ఆరు రోజులు ఒళ్ళు వంచి పనిచేసే జర్మన్ కార్మికులకు ఆదివారం బీరు తోట అంటే కుటుంబంతో కూర్చునే చోటు, పాట, మాట. ఏప్రిల్ 21న వాళ్ళు నగరం నడిబొడ్డుకు కదిలివచ్చారు. కాల్పులు జరిగాయి, ఒకరు చనిపోయారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో జర్మన్లు, ఐరిష్‌వాళ్ళు కలిసి ఓటు వేసి ఆ పాలనను దించేశారు. అంత బలమైన జర్మన్ సమాజం ఈ రోజు నగరంలో పెద్దగా కనిపించకపోవడానికి కలిసిపోవడం ఒక కారణమైతే, మొదటి ప్రపంచయుద్ధం మరో కారణం. శత్రుదేశపు భాష అన్న ముద్ర పడ్డాక బడుల్లో జర్మన్ తగ్గింది, సంఘాలు పేర్లు మార్చుకున్నాయి. జనం మాయం కాలేదు. తమను తాము జర్మన్లుగా చూపించుకోవడం మానుకున్నారు.

ప్యూర్టోరికన్ల అనుభవం ఇంకా చేదు. 1917 నుంచీ వాళ్ళు అమెరికా పౌరులే. అయినా లింకన్ పార్క్ ప్రాంతం నుంచి పునర్నిర్మాణం పేరిట నెట్టివేయబడి హంబోల్ట్ పార్క్ పేట చేరారు. 1966 జూన్‌లో, వాళ్ళ ఉత్సవాల రోజుల్లోనే, డివిజన్ వీధిలో ఒక యువకుడిని పోలీసులు కాల్చారు. వీధి రోజుల తరబడి మండింది. 1995లో అదే వీధిలో ఒక భాగానికి రెండు కొసలా ఆకాశంలో ఎగురుతున్నట్టు మలిచిన రెండు ప్యూర్టోరికో జెండాలు నిలబెట్టారు. ఒక్కొక్కటి దాదాపు 18 మీటర్ల ఎత్తు. పూర్తిగా ఉక్కు. గుడ్డ జెండాను ఎవరైనా పీకేయవచ్చు. ఉక్కు కర్మాగారాల్లో పనిచేసిన తరం తన జెండాను ఉక్కుతో పాతుకోవడంలో ఒక నిశ్చయం ఉంది.

వీటి పక్కన, మార్చిలో నదికి ఆకుపచ్చ రంగు వేయడం సరదా తమాషాలా కనిపిస్తుంది. సెయింట్ పాట్రిక్ దినోత్సవానికి 1962 నుంచి ప్లంబర్ల కార్మిక సంఘం ఈ పని చేస్తోంది. నదిలోకి దొంగచాటుగా మురుగు ఎక్కడ వదులుతున్నారో పట్టుకోవడానికి వాడే రంగు నుంచి ఈ ఆలోచన పుట్టింది. పడవ మీద నుంచి చల్లేటప్పుడు ఆ పొడి నారింజ రంగులో ఉంటుంది. నీటిని తాకగానే పచ్చగా విచ్చుకుంటుంది. మొదటి ఏడాది 100 పౌండ్లు పోస్తే నది వారం రోజులు పచ్చగానే ఉండిపోయింది. కాలువ తవ్వే కూలీలుగా వచ్చి, బ్రిడ్జ్‌పోర్ట్ గుడిసెల్లో బతికి, కార్మిక సంఘాల్లోనూ పోలీసు శాఖలోనూ మేయర్ కుర్చీలోనూ స్థిరపడ్డ ఐరిష్‌వాళ్ళ ప్రయాణమంతా ఆ రంగులో ఉంది. సొంత వీధిలో పండుగ చేసుకోవడానికి కొందరు దెబ్బలు తిన్న నగరంలోనే, మరికొందరు నగరం నది మొత్తానికీ తమ రంగు వేయగలిగారు. అధికారం ఎవరి చేతికి ఎప్పుడు అందిందో పండుగ పరిమాణమే చెబుతుంది.

ఉత్తరాన ఆండర్సన్‌విల్‌లో స్వీడన్ వాళ్ళు చాలావరకు శివార్లకు వెళ్ళిపోయారు. జూన్‌లో పూలు చుట్టిన స్తంభం చుట్టూ ఆడే ఉత్సవం మాత్రం ఆ పేటలో కొత్తగా చేరినవాళ్ళందరిదీ అయింది. మరికొంత పైన డెవాన్ అవెన్యూ. స్థానికులు ‘డివాన్’ అంటూ చివరి అక్షరం నొక్కి పలుకుతారు. ఒకప్పుడు యూదుల దుకాణాలు నిండిన ఈ వీధికి, 1965 వలస చట్టం తలుపులు తెరిచాక, భారతీయులు, పాకిస్తానీలు, తర్వాత బంగ్లాదేశీయులు వచ్చారు. వీధి స్తంభాలకు గోధుమరంగు గౌరవ ఫలకాలు కనిపిస్తాయి. ఒకచోట గాంధీ మార్గ్, మరికొంత దూరంలో మహమ్మద్ అలీ జిన్నా మార్గం, ఇంకోచోట షేక్ ముజీబుర్ రెహమాన్, మరోచోట ఇజ్రాయెల్ మాజీ ప్రధాని గోల్డా మెయిర్. ఆగస్టు నెలలో ఒకే వీధిలో ఒక వారం ఒక జెండా, మరో వారం మరో జెండా ఊరేగుతాయి. సొంత గడ్డ మీద సరిహద్దులు గీసుకున్నవాళ్ళు ఇక్కడ పక్కపక్కన కొట్లు పెట్టుకుని, ఒకరి దగ్గర ఒకరు పప్పులూ మసాలాలూ కొంటారు.

సొంత పేట దొరకనివాళ్ళు కూడా ఉన్నారు, ఆ నేల మొదట ఎవరిదో వాళ్ళే. షికాగో అన్న పేరే అక్కడి ఆదివాసుల భాషలో అడవి ఉల్లి జాతి మొక్కను సూచించే మాట నుంచి వచ్చింది. 1833 ఒప్పందంతో పొటావటోమి ప్రజలు ఆ భూములు వదులుకోవలసి వచ్చింది. 1835 ఆగస్టులో, పడమటికి వెళ్ళిపోయే ముందు, సుమారు 800 మంది యోధులు ఒంటికి రంగులు పూసుకుని ఆ చిన్న పట్టణం వీధుల్లో నృత్యం చేస్తూ సాగారు. తెల్లవాళ్ళు భయంతో కిటికీల్లోంచి చూశారు. అప్పటికి షికాగో నగరంగా నమోదు కూడా కాలేదు. ఆ తర్వాత నూటపాతికేళ్ళ లోపే, 1950ల్లో, ప్రభుత్వమే ఆదివాసులకు కేటాయించిన రిజర్వేషన్ భూముల నుంచి వాళ్ళను నగరాలకు తరలించే పథకం పెట్టింది. షికాగోకు వచ్చినవాళ్ళు 1953లో అమెరికన్ ఇండియన్ సెంటర్ ఏర్పాటు చేసుకున్నారు. ఏటా వాళ్ళు జరిపే పౌవావ్ నృత్యోత్సవంలో ఎన్నో తెగలవాళ్ళు కలిసి ఆడతారు. దానికి ఒక పేట లేదు, పటం మీద రంగు లేదు. పేటల జాబితా పట్టుకుని నగరం చూసేవాళ్ళకు ఆ పండుగ అసలు తారసపడదు.

ఇక పిల్సెన్ సంగతి. 2000, 2010 జనగణనల మధ్య అక్కడ లాటినో జనాభా సుమారు పది వేలు తగ్గింది. అద్దెలు, పన్నులు పెరిగాయి. పేట అందంగా ఉందని కొత్తగా చేరేవాళ్ళు పెరిగారు. గోడల మీద మెక్సికన్లు గీసిన చిత్రాలే ఆ అందంలో పెద్ద భాగం. అప్పుడు నగరపాలక సంస్థ ఒక ప్రతిపాదన తెచ్చింది. చెక్‌లు కట్టిన భవనాలు, మెక్సికన్ల కుడ్యచిత్రాలు కలిపి ఎనిమిది వందలకు పైగా కట్టడాలను వారసత్వ ప్రాంతంగా ప్రకటించాలని. పేటవాసుల్లో చాలామంది దాన్ని వ్యతిరేకించారు. వారసత్వ కట్టడం అన్న ముద్ర పడితే కిటికీ మార్చాలన్నా అనుమతి కావాలి, ఖర్చు పెరుగుతుంది, ఉన్న కొద్దిమందీ అమ్ముకుని పోవలసి వస్తుందని వాళ్ళ వాదన. 2020 డిసెంబరులో నగర సభ ఆ ప్రతిపాదనను తిరస్కరించింది. గోడలను కాపాడి మనుషులను పోగొట్టుకునే వారసత్వం మాకు వద్దని చెప్పగలిగిన ఆ పేటవాసుల వాదనలో బలం ఉంది. సెయింట్ అడాల్బర్ట్ చర్చి అంతకు ముందే, 2019లో, మూతపడింది.

పిల్సెన్ వదిలి వెళ్తున్న కుటుంబాల్లో చాలావరకు పడమటి దారి పట్టాయి, లిటిల్ విలేజ్, సిసెరో, బర్విన్ వైపు. ఆ దారి పేరు సెర్మాక్ రోడ్డు. చైనీయులు 1912లో చేరిన ఆ 22వ వీధే ఇది. చెక్ గడ్డ మీద పుట్టి, షికాగో మేయరై, 1933లో తుపాకి గుండుకు బలైన ఆంటన్ సెర్మాక్ పేరు దానికి తర్వాత పెట్టారు. నూరేళ్ళ కిందట పిల్సెన్‌లో నాలుగు డబ్బులు కూడబెట్టుకున్న చెక్ కుటుంబాలు కూడా సరిగ్గా ఆ రోడ్డు వెంటే, ఆ ఊళ్ళకే మారాయి. ఇప్పుడు సిసెరో జనాభాలో అత్యధికులు లాటినోలు. గుడ్‌ఫ్రైడే ఉదయం అక్కడినుంచి బయలుదేరినవాళ్ళు సెర్మాక్ రోడ్డు మీదుగా తూర్పుకు వచ్చి, కార్లు పక్క వీధుల్లో ఆపి, పిల్లల చేతులు పట్టుకుని 18వ వీధిలో శిలువ వెనక చేరతారు.